డ్యూటీ ఫ్రీ ఎవరికండీ?

మా ఇళ్ళల్లో "డ్యూటీ" అంటే ఉద్యోగం. ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడక్కుర్చీలో వాలారంటే ఇక డ్యూటీ ఫ్రీ. ఆడవాళ్ళకి ఆ మాటతో పనిపడదు. అంచేత విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో అద్దాల దుకాణాల మీద "డ్యూటీ ఫ్రీ" అన్న బోర్డు చూసినప్పుడల్లా దీన్ని కనిపెట్టినవాడు మగవాడే అయివుంటాడని అనుకునేదాన్ని. నిజంగా అంతే. 1947లో ఐర్లండులోని షానన్ విమానాశ్రయంలో ప్రపంచంలోకల్లా మొదటి డ్యూటీ ఫ్రీ దుకాణం పెట్టించినది బ్రెండన్ ఓరీగన్ అనే ఆయన. అట్లాంటిక్ సముద్రం దాటే విమానాలు ఆ రోజుల్లో పెట్రోలు కోసం అక్కడ ఆగేవి. దిగిన జనం ఆ కాసేపూ ఊరికే కూచోవడమెందుకని ఆయనకి తోచింది. ప్రయాణంలో మనిషిని ఊరికే కూచోనివ్వని జబ్బు అప్పట్నించీ మొదలైంది.

ఆ జబ్బు ఇప్పుడు మా గోదావరి జిల్లాలకీ పాకింది. మా ద్రాక్షారామం వాళ్ళకి ఒకప్పుడు రేవంటే కోటిపల్లి రేవు, ఓడంటే అవతలి గట్టుకి చేర్చే పంటు. ఇప్పుడలా కాదు. 2022లో విశాఖపట్నం రేవులోకే విహారనౌక వచ్చి పుదుచ్చేరికీ, చెన్నైకీ జనాన్ని ఎక్కించుకుపోయింది. అమెరికాలో వున్న పిల్లలు, బెంగుళూరులో వున్న పిల్లలు అమ్మానాన్నల షష్టిపూర్తికి పట్టుబట్టలతో సరిపెట్టడం లేదు. సింగపూరు ఓడకి టిక్కెట్లు కొనిస్తున్నారు. సింగపూరులో ఎక్కించి, పెనాంగూ ఫుకెట్టూ చూపించి, మళ్ళీ సింగపూరులోనే దింపే ఓడలు. శుభం. ఓడ ప్రయాణాన్ని నేను ఆడిపోసుకోవడం లేదు. అరవై ఏళ్ళు వంటింటి కిటికీలోంచి కొబ్బరాకులు చూసిన ఆడది నాలుగు రోజులు సముద్రం చూస్తే ఎవరి సొమ్మేం పోయింది? నా తగువల్లా ఆ టిక్కెట్టు వెనకాలే వచ్చిపడే చిట్టాతో. ఆ చిట్టాలో మొదటిది కెమెరా.

"మీరు సింగపూరు మీదుగానేగా వెళ్ళేది? అక్కడంతా డ్యూటీ ఫ్రీయటండీ. ఒక్క కెమెరా పట్టుకొచ్చి పెడుదురూ!"

"ఒక్క" అనడంలో వుంది కిటుకంతా. ఒక్క వంకాయ తెచ్చిపెట్టమన్నట్టే వుంటుంది వినడానికి. కాదంటే మనమే పీనాసులం.

అసలా కెమెరా అక్కడ ఎందుకు చవకో అడిగినవాళ్ళెవరూ ఆలోచించరు. రాఫుల్స్ దొర 1819లో సింగపూరు రేవు పెట్టినప్పుడే సుంకం లేని రేవుగా పెట్టాడు. ఈనాటికీ అక్కడ దిగుమతి సుంకం వేసేది మద్యం మీదా, పొగాకు మీదా, మోటారు బళ్ళ మీదా, పెట్రోలు సరుకు మీదా. అంతే. కెమెరా మీద సుంకం ఏ సందులో ఏ కొట్లోనూ లేదు. లేని సుంకాన్ని తీసేశామని బోర్డు రాసి పెడితే మనం చెప్పులు విడిచి లోపలికి పరిగెడుతున్నాం! ఇక మిగిలింది అక్కడి జీఎస్టీ. 1994లో 3 శాతంతో మొదలుపెట్టి, పెంచుకుంటూ వచ్చి, 2024 జనవరినించి 9 శాతం చేశారు. విదేశీ యాత్రికులు నూరు సింగపూరు డాలర్లకి తక్కువకాకుండా కొంటే, దేశం విడిచి వెళ్ళేటప్పుడు దాన్ని వెనక్కి అడగవచ్చు. నూటికి తొమ్మిది అనుకోకండి, ధరలో కలిసివున్న పన్ను కనక లెక్కకి ఎనిమిదిపైచిలుకే వస్తుంది. అందులో ఇప్పించేవాళ్ళ రుసుము పోతుంది. పెనాంగు కూడా ఒకప్పుడు సుంకం లేని రేవే, ఆ హోదా 1960ల చివర పోయింది. మలేషియావాళ్ళు 1987లో లంకావి దీవికి ఆ హోదా ఇచ్చారు. మన చుట్టాలకి ఈ తేడాలేం పట్టవు. సముద్రం అవతల వున్నదంతా డ్యూటీ ఫ్రీయే.

మా అన్నయ్యా వదినా 2024 వేసవిలో వెళ్ళొచ్చారు. అన్నయ్య రిటైరైన లెక్చరరు. వదిన కాశీ చూసింది, తిరుపతి చూసింది, సముద్రం కాకినాడలో చూసింది. మా అక్క కొడుకు కోనసీమలో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తాడు. పెళ్ళికి ముందే వధూవరుల్ని కొబ్బరితోటల్లోనూ కాలవగట్ల మీదా పరిగెత్తించి తీసే ఫోటోలకి ఇప్పుడు మహా గిరాకీ. వాడికి మిర్రర్‌లెస్ కెమెరా కావాల్సొచ్చింది. దానికి తగ్గ లెన్సూ కావాల్సొచ్చింది. "మీకేం బరువు అత్తయ్యా, రెండూ కలిపి కిలోన్నర కూడా వుండదు," అన్నాడు. పేర్లూ నంబర్లూ రాసి వదిన ఫోనుకి పంపాడు. చివర్లో ఒక హెచ్చరిక: సీలు మాత్రం విప్పకండి.

ఓడ ఎక్కే ముందురోజు సింగపూరులో ఒక పూట తీరిక దొరికింది. బొటానికల్ గార్డెన్స్‌లో ఆర్కిడ్ పూలతోట వుందిట, అది చూడాలని వదిన కోరిక. ఇంట్లో మందారానికీ నందివర్ధనానికీ అంట్లు కట్టుకునే మనిషి, ఆ మాత్రం కోరిక వుండదూ? చూసినవి మాత్రం ఏడు కెమెరా కొట్లు. ఒక కొట్టువాడు అన్నిటికంటే తక్కువ ధర చెప్పాడు. తీరా అన్నయ్య కార్డు తీసేసరికి బ్యాటరీ వేరే, చార్జరు వేరే అన్నాడు. అవి రెండూ కంపెనీవాడు కెమెరాతోబాటు పెట్టెలో పెట్టి పంపించేవే. వదినే లేచి, పదండి వెళ్దాం అందిట. కాబట్టి సరిపోయింది. ఈ మాయ ఆ వూరికి కొత్తేం కాదు. 2014 నవంబరులో సిమ్ లిమ్ స్క్వేర్ బజార్లో ఒక వియత్నాం యాత్రికుడు ఐఫోను కొన్నాక, గ్యారంటీకి ఇంకో పదిహేను వందల డాలర్లు కట్టమన్నారు. అతను మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తూ డబ్బు వెనక్కిమ్మని వేడుకోవడం లోకమంతా వీడియోలో చూసింది. ఆ కొట్టు యజమానికి మరుసటి ఏడు జైలుశిక్ష పడింది, నిజమే. చట్టం గట్టిగా వున్న దేశం కనక పడింది. కాని ఒక పూట తీరిక దొరికిన యాత్రికురాలు కోర్టుల చుట్టూ తిరగ్గలదా? రేవు బజారు బేరమంతా ఆ ఒక్క ధైర్యం మీదే నడుస్తుంది. కొన్నవాడు సాయంత్రానికి ఓడెక్కేస్తాడు.

మొత్తానికి నిదానమైన కొట్టు ఒకటి దొరికింది. మన డబ్బుల్లో కెమెరా 1,10,000, లెన్సు 45,000. మర్నాడు ఓడరేవులో పన్ను వెనక్కివ్వమని అడిగితే, మీరు ఎక్కేది మళ్ళీ ఇక్కడికే తిరిగొచ్చే ఓడ, దీనికి ఇవ్వం, విమానం ఎక్కేటప్పుడు అడగండి అన్నారుట. రూలు అదే. దేశం విడిచి వెళ్ళనివాడికి పన్ను వెనక్కెందుకిస్తారు? ఓడ మీద కొనుక్కుందాం అనుకునేవాళ్ళకి కూడా ఒక మాట. ఓడ రేవులో ఆగినంతసేపూ ఓడ మీది కొట్లు మూసేస్తారు. నడిసముద్రంలోనే తెరుస్తారు, పక్క కొట్లో ధర అడిగే వీల్లేని చోట.

ఇక్కణ్ణించి వదిన విహారం వినండి. వాళ్ళది కిటికీ లేని గది. గదిలో వున్న చిన్న ఇనప్పెట్టెలో కెమెరా పెట్టె పట్టలేదు. "నువ్వెలాగూ గదిలోనే వుంటావుగా," అన్నాడు అన్నయ్య. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. ముప్ఫయ్యయిదేళ్ళనించీ ఆవిడ ఇంట్లోనే వుంటుందన్న ధీమాతో బతికినవాడు, ఓడెక్కినంతమాత్రాన ఆ ధీమా ఎక్కడికి పోతుంది? పెనాంగులో 1923లో వేసిన కొండరైలు వుంది. అందరితోపాటు వదినా ఎక్కింది, వొళ్ళో పెట్టెతో. కొండమీంచి ఊరంతా కనిపిస్తుంటే ఆవిడ చెయ్యి సంచీ జిప్పు మీదే వుందిట. ఫుకెట్‌లో పెద్ద ఓడ దూరంగా ఆగుతుంది, ఒడ్డుకి చిన్న పడవలో వెళ్ళాలి. నీళ్ళు చిందుతాయి, పెట్టె తడుస్తుందని ఆవిడ దిగనే లేదు. పైడెక్కు మీద కూచుందామంటే అక్కడా గాలీ, తుంపరా. నాలుగు రోజుల్లో వదిన తనివితీరా చూసిన వస్తువు ఒక్కటే, ఆ అట్టపెట్టె.

"ఫోటోలు చూపించు వదినా," అన్నాను వచ్చాక. లక్షా యాభైఅయిదు వేల కెమెరా పక్కన పెట్టుకుని, అన్నయ్య పాత ఫోనుతో తీసిన ఇరవై ఫోటోలు. సగం మసకమసగ్గా వున్నాయి. "కెమెరాతో తియ్యలేదా?" అంటే, "సీలు విప్పొద్దన్నాడుగా" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

ఇది చాలదని మన దేశపు గుమ్మం దగ్గర ఇంకో ఘట్టం వుంది. "డ్యూటీ ఫ్రీ" అంటే కొన్న చోట సుంకం లేదని అర్థం. తెచ్చిన చోట లేదని కాదు. ఇంత చిన్న సంగతి ఇంతమంది చదువుకున్నవాళ్ళకి ఎందుకు తెలియదో నాకు తెలియదు. 2016 నాటి బ్యాగేజీ రూల్సు ప్రకారం సింగపూరులాంటి చోట్లనించి తిరిగొచ్చే మనిషి వొంటిమీది వాడకపు సామాను కాక 50,000 రూపాయల వస్తువులు సుంకం లేకుండా తెచ్చుకోవడానికి అప్పట్లో వీలుండేది. (ఈ అంకెలు మారుతూ వుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి.) దాటినదాని మీద అప్పటి లెక్క నూటికి 35, ఆ సుంకం మీద మళ్ళీ పదో వంతు సర్‌ఛార్జి, వెరసి 38.5 శాతం. అన్నయ్య కెమెరాలో 60,000 పైకి తేలింది. దానికి 23,100 కట్టాడు. సింగపూరు విమానాశ్రయంలో వెనక్కి రావలసిన పన్ను, కెమెరా లెన్సూ కలిపి, మహా అయితే 12,800. అందులోంచీ రుసుము తగ్గింది. అంటే పదివేలకి పైగా ఎదురు నష్టం. అదే మన దగ్గర కొంటే కెమెరా మీద జీఎస్టీ 18 శాతం. 2019 జనవరికి ముందు 28 వుండేది. ఇక్కడ కొన్నదానికి ఇక్కడ గ్యారంటీ చెల్లుతుంది. కొన్న దేశం దాటితే గ్యారంటీ చెల్లదనే కెమెరా కంపెనీలు చాలా వున్నాయి. పైగా జీఎస్టీ నంబరున్న ఫోటోగ్రాఫరైతే, వ్యాపారానికి కొన్న కెమెరా మీద కట్టిన పన్ను తన ఖాతాలో జమ వేసుకోవచ్చు కూడా. వాడికి ఇవన్నీ తెలుసో తెలియదో నేనడగలేదు. 23,100 సంగతి మాత్రం, "తరవాత సర్దుతాను మావయ్యా," అన్నాడు.

మరి 45,000 లెన్సు మాటేమిటంటారా? అది వదిన పేర వచ్చింది. ఈ రూలు మన ఆడవాళ్ళందరూ ఒకసారి శ్రద్ధగా చదవాలి. ఒకరి మినహాయింపు ఇంకొకరి మినహాయింపుతో కలపడానికి వీల్లేదు. మొగుడి వాటా, పెళ్ళాం వాటా కలిపి పెద్ద వస్తువొకటి దాటించలేరు. భార్యాభర్తలు ఒక్కటే అని అందరూ అక్షింతలు వేస్తే, కస్టమ్సువాళ్ళు మాత్రం కాదు ఇద్దరే అంటున్నారు! (అమెరికాలో దీనికి తిరగబాటు. ఒకే ఇంటివాళ్ళు కలిసి తిరిగొస్తే మినహాయింపులు కలిపేసుకోవచ్చు. అక్కడి మన పిల్లలు కరిబియన్ ఓడల్లో తిరిగి సెయింట్ థామస్ దీవిలో కొనుక్కొచ్చేది ఆ ధైర్యంతోనే.) మన దేశంలో వదినకంటూ విడిగా, ఆవిడ పేరుమీద, మొగుడికీ కొడుక్కీ వాటా లేకుండా ప్రభుత్వం రాసిచ్చిన హక్కు ఆ యాభైవేలు. మా వదిన జీవితంలో అలాంటివి ఎన్నున్నాయో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందులో నలభైఅయిదు వేలు అక్క కొడుకు లెన్సు మింగేసింది. ఆవిడ తనకోసం కొనుక్కున్నవి ఒక గొడుగూ, మనవరాలికో బొమ్మా.

ఇంతవరకూ ఏదో ఇంటి గొడవ, సరే. నాకు నిజంగా వొళ్ళు మండేది ఇంకో సలహాకి. "పెట్టె పారేసి, కెమెరా నీ చేతిసంచీలో చీరల మధ్య పెట్టుకో అత్తయ్యా. గ్రీన్ చానల్లోంచి వచ్చేసెయ్. ఆడవాళ్ళని ఎవరడుగుతారు?" వాడొక్కడే కాదండీ, ఇది బయల్దేరే ప్రతి ఆడదానికీ ఎవరో ఒకరు చెప్పే మాటే. ఆ మాటలో ఏముందో చూడండి. ఆవిడ జుట్టు నెరిసింది, బొట్టు నిండుగా పెట్టుకుంటుంది, ముఖం చూస్తే అబద్ధమాడేదానిలా వుండదు. ఇన్నేళ్ళు ఆవిడ నిలబెట్టుకున్న ఆ మర్యాదని అడ్డుపెట్టుకుని వీళ్ళు సుంకం ఎగ్గొట్టాలి! దొరికితే? 1962 కస్టమ్స్ చట్టం కింద, చెప్పకుండా తెచ్చిన వస్తువు స్వాధీనం చేసుకోవచ్చు, జరిమానా వెయ్యవచ్చు. అప్పుడు ఆ బల్ల ముందు సంచీ విప్పి నిలబడేది ఆవిడ. చీరల మధ్యనించి కెమెరా తీసి చూపించేది ఆవిడ. సలహా ఇచ్చినవాడు బయట కారు దగ్గర వుంటాడు. వదిన వినలేదు కనక బతికిపోయింది. వినే అమాయకురాళ్ళు ఎంతమంది లేరు?

మా నాన్నగారి తరం వాళ్ళు ఫారిన్ కెమెరా కోసం పడిచచ్చారంటే ఒక అర్థం వుంది. 1970లలో, 80లలో మన బజార్లో మామూలు సంసారికి దొరికేది క్లిక్ త్రీ. ఒక రీలుకి పన్నెండు ఫోటోలు. తరవాత హాట్‌షాట్. అంతకంటే మంచిది కావాలంటే పై దేశంనించి ఎవరో తేవాలి, లేదా మద్రాసు బర్మాబజారుకి వెళ్ళి, అది నిజమైన యాషికాయో కాదో దేవుడి మీద భారం వేసి కొనాలి. బర్మానించి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులు బతుకుతెరువు కోసం 1969లో పెట్టుకున్న కొట్లవి. అప్పటి లేమిలో ఒక కెమెరా ఊరందరికీ పెళ్ళి ఫోటో తీసిపెట్టేది. ఇప్పుడా లేమి లేదు. కాకినాడలో కూచుని ఏ కెమెరా కావాలన్నా తెప్పించుకోవచ్చు. లేమి పోయినా, ప్రయాణం చేసిన మనిషి సరుకు మోసుకు రావాలనే అలవాటు మాత్రం మిగిలింది.

సుంకం లేని రేవంటే మాకు సింగపూరు దాకా పోనక్కర్లేదు. మా ద్రాక్షారామానికి పాతిక కిలోమీటర్ల లోపే యానాం వుంది. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళది. అక్కడి మంగళవారం సంతకి చుట్టుపక్కల బ్రిటిషు జిల్లాల జనం సీమ సరుకుల కోసం, దొంగసరుకుల కోసం ఎగబడి వెళ్ళేవారు. ఇటు ధర ఎక్కువ, అటు తక్కువ. అది ముచ్చటగా చెప్పుకుంటారు మా పెద్దవాళ్ళు. గొంతు తగ్గించి చెప్పేది ఇంకొకటి వుంది. 1929లో శారదా చట్టం వచ్చి పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చెయ్యకూడదన్నప్పుడు, ఈ జిల్లాలవాళ్ళు పిల్లల్ని బళ్ళెక్కించుకుని యానాం వెళ్ళి అక్కడ పుస్తె కట్టించి తీసుకొచ్చేవారు. ఆ చట్టం అక్కడ లేదుగా! అంచేతే ఆ వూరిని కల్యాణపురం అనేవారు. ఎంత అందమైన పేరో చూడండి. సుంకం తప్పించిన సరుకూ, చట్టం తప్పించిన పెళ్ళీ రెండూ ఒకే దారిన వచ్చాయి. జరిమానా మిగిలింది పెద్దవాళ్ళకి. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ మిగులు బతికినన్నాళ్ళూ కట్టింది. కెమెరాకీ పసిపిల్లల పెళ్ళికీ పోలికేమిటి, మరీ పెద్ద మాట కాదా అంటారేమో. సరుకుల్లో పోలిక లేదు, ఒప్పుకుంటాను. కాని గుమ్మం దాటించేటప్పుడు "ఆడదేగా, ఏం కాదులే" అనే ధీమా మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

ఆ ధీమా బరువు అన్నిటికంటే ఎక్కువ మోసేది మా వదినలాంటి విహారయాత్రవాళ్ళు కాదు. మా ప్రాంతంనించి కువైటు వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. అక్కడ ఇంటిపనివాళ్ళకి 2016లో కనీస జీతం నిర్ణయించారు, నెలకి 60 దినార్లు. 2024లో అది మన డబ్బుల్లో పదహారు, పదిహేడు వేలు. రెండేళ్ళకోసారి శెలవు మీద వచ్చే ఆ మనిషికి తమ్ముడు ఫోను చేస్తాడు, ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ కొట్టుంటుందటే అక్కా, ఒక్క కెమెరా, లేకపోతే ఒక్క ఫోను. అరవైవేల వస్తువంటే నాలుగు నెలల జీతం చేతిలోంచి జారినట్టే. నాలుగు నెలలంటే ఎన్ని గిన్నెలు, ఎన్ని అంతస్తులు తుడవడం! ఆవిడ కాదనదు. కాదంటే "అక్కకి డబ్బు పొగరెక్కింది" అంటారని భయం. వచ్చిన శెలవులో ఆవిడ బిడ్డ ఫోటో ఆ కెమెరాతో ఎవరైనా తీసిచ్చారో లేదో నేను విన్లేదు.

కెమెరాలంటే నాకు వైరం లేదు. ఆడవాళ్ళ చేతుల్లో కెమెరా వుండాలని కోరుకునేదాన్ని. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు హోమై వ్యారావాలా. ఆవిడ తీసిన ఫోటోలు మొదట్లో భర్త పేరు మీద అచ్చయ్యాయి. 1947లో దేశం స్వతంత్రమయ్యే ఘట్టాలన్నీ చీర కట్టుకుని, భుజాన బరువైన కెమెరా తగిలించుకుని తీసింది ఆవిడ. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆవిడ మోసింది తన కెమెరా. తను నొక్కడానికి మోసింది. ఆ బరువు వేరు, సీలు విప్పని పెట్టె బరువు వేరు.

కాబట్టి మీలో ఎవరికైనా ఫోటోల సరదా వుంటే, ఓడెక్కేదాకా ఆగకండి. ఆర్నెల్ల ముందే ఇక్కడే కొనుక్కోండి. మన వీధుల్లో, మన గోదారి గట్టున నాలుగువందలు పాడుచేసి నేర్చుకోండి. కొత్త కెమెరా ఓడమీద విప్పి, పుస్తకం చదువుకుంటూ మీటలు వెతుక్కునేలోపు సూర్యుడు అస్తమిస్తాడు. బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ కౌంటరు దగ్గర ఆగి, ఈ కెమెరా మాదే, ఇక్కణ్ణించి తీసుకెళ్తున్నాం అని నంబరుతో సహా ఎగుమతి సర్టిఫికెట్టు రాయించుకోండి. వచ్చేటప్పుడు దానిమీద సుంకం అడగరు. పావుగంట పని. ఈ పావుగంట సంగతి మాత్రం చిట్టాలు పంపేవాళ్ళెవరూ చెప్పరు.

వదిన ఈ చలికాలం మళ్ళీ ఓడెక్కుతోంది, ఈసారి మా వీధి ఆడవాళ్ళతో. వార్త ఎలా పొక్కిందో, అప్పుడే రెండు చిట్టాలు వచ్చాయి. ఒకటి మా అక్క కొడుకుదే, ఇంకో లెన్సుట. జవాబు చెప్పే పని వదిన నాకు అప్పగించింది. నేను రాసిచ్చిన షరతులివి. డబ్బు మొత్తం ముందే బ్యాంకులో వెయ్యాలి. సుంకం పడితే అక్కడికక్కడే ఫోనులో పంపాలి. ఏ కొట్టుకీ వదిన వెళ్ళదు, కొట్టువాడే ఆవిడ దిగిన హోటలుకి తెచ్చివ్వాలి. ఆవిడ పేర వున్న మినహాయింపులో మొదటి వాటా ఆవిడ కొనుక్కున్నవాటికి, మిగిలితేనే లెన్సుకి. గ్రీన్ చానలు మాట ఎత్తితే బేరం రద్దు. సీలు విప్పి, ఓడ మీద వున్నన్నాళ్ళూ ఆవిడ వాడుకుంటుంది.

ఫోన్లో వాడికి చదివి వినిపించాను. చివరి షరతు దగ్గర కాసేపు మాట్లాడలేదు. "ఆలోచించి చెబుతాను పిన్నీ," అన్నాడు.